పెరట్లో గది కట్టే ముందు పద్దు పుస్తకం

ఇల్లు కట్టి చూడు, పెళ్ళి చేసి చూడు అన్నారు పెద్దలు. పెరట్లో షెడ్డు వేసి చూడమని మాత్రం ఎవరూ అనలేదు. "నాలుగు గోడలూ, పైన రేకులూ... అదెంత పని?" అనేస్తాం కదూ! ఆ 'అదెంత పని' దగ్గరే చీటీ డబ్బులు కాస్తా కరిగిపోతాయి. మొండిగోడల దగ్గరే ఆగిపోయి, లోపల గడ్డి మొలిచిన షెడ్లని మీరూ చూసే ఉంటారు.

మాది తెనాలి. చాలా ఏళ్ళుగా ఇంట్లోనే జాకెట్లు, చిన్నపిల్లల గౌన్లు కుడుతున్నాను. మెషిను వరండాలో ఉండేది. జల్లు కొడితే ఊరివాళ్ళ గుడ్డలు తడవకుండా లోపలికి పరుగులు. కొలతలివ్వడానికి వచ్చినవాళ్ళకి చాటు లేదు. పిల్లలకి పరీక్షలొస్తే మెషిను చప్పుడు ఆపెయ్యాలి. అందుకని 2023 వేసవిలో పెరట్లో, ఇంటికి ఆనకుండా విడిగా ఓ పనిగది కట్టుకున్నాం. అది కట్టడానికి నాకు పనికొచ్చిన లెక్కలు మీకూ పనికొస్తాయని రాస్తున్నాను.

మొదటి చిక్కు డబ్బు కాదు. ఆ గది ఎవరికోసం అన్నది! మా వారు "ఎలాగూ కడుతున్నాం, పద్ధెనిమిదడుగుల పొడుగున షట్టరు పెట్టి కడితే రేపు కారు కొన్నప్పుడు పనికొస్తుంది" అన్నారు. "చాలకపోతే నీ గాజులు బ్యాంకులో పెడదాం" అని కూడా అన్నారు. పాపం, ఆయన ఉద్దేశం మంచిదే. కానీ లేని కారు కోసం ఉన్న గాజులు తాకట్టు పెట్టడానికి నాకు మనసొప్పలేదు. దెబ్బలాడలేదు. కాగితం తీసి రెండు వరసలు రాశాను. ఒక వరసలో రోజుకి ఏడు గంటలు కుట్టే నేను. రెండో వరసలో ఎప్పుడు కొంటామో తెలియని కారు. ఆయనే చూసి నవ్వేశారు. చివరికి గది నాకు, దాని పక్కన పదడుగుల వెడల్పు ఖాళీ జాగా ఆయన కారుకి అని ఒప్పందం కుదిరింది. జాగా వదలడానికి పైసా ఖర్చు లేదు కదా!

ఇక గది ఎంత ఉండాలి? ఇక్కడ మన ముగ్గుపిండి బాగా పనికొస్తుంది. పెరట్లో నేలమీద ముగ్గుతో గది గీశాను. అందులో నిజంగానే మెషిను, స్టూలు, కత్తిరింపు బల్లంత చాప, బీరువా అంత అట్టపెట్టె పెట్టి చూసుకున్నాను. బల్ల చుట్టూ మనిషి తిరగాలి, తలుపు తెరుచుకోవాలి, కొలతల కోసం ఓ మూల తెర కట్టాలి. రెండుసార్లు చెరిపి గీస్తే పదడుగుల వెడల్పు, పద్నాలుగడుగుల పొడవు తేలింది. ఈశాన్యం మూల వదలమన్నారు అత్తయ్యగారు, వదిలాం. కొబ్బరిచెట్టు కింద మాత్రం వద్దన్నాను. రేకు మీద కాయ పడితే ఇంకేమైనా ఉందా!

ముగ్గు చెరగకముందే మునిసిపాలిటీ లైసెన్సున్న ఇంజనీరుని పిలిచి చూపించండి. ఇంటి చుట్టూ వదలాల్సిన ఖాళీ ఎంతో, ప్లాను కావాలో వద్దో ఆయన చెబుతారు. రేకుల మీది వాన నీళ్ళు పక్కింటివాళ్ళ స్థలంలో పడకూడదన్నది గుర్తుంచుకోండి. గోడ తగాదాల్లో సగం చూరు నీళ్ళ దగ్గరే మొదలవుతాయి.

ఇప్పుడు అసలు పద్దు. నా చేతిలో చీటీ డబ్బు 1,60,000, దాచుకున్నది 40,000, మొత్తం రెండు లక్షలు. అందులో 25,000 తీసి పక్కన పెట్టి, అది లేదనే అనుకున్నాను. మిగిలిన 1,75,000 ఇలా పంచాను: పునాది, బేస్‌మట్టం 48,000, గోడలు 38,000, ఇనుప గొట్టాలు, రేకులు 42,000, తలుపు, కిటికీలు 18,000, గచ్చు, లోపలి పూత 20,000, కరెంటు 9,000. మీ ఊళ్ళో ధరలు వేరు కావచ్చు. కానీ ఈ ఆరు పద్దులూ ఎక్కడైనా ఉంటాయి.

చూశారా, అన్నిటికన్నా పెద్ద పద్దు కంటికి కనబడని పునాదిదే! మాది నల్లరేగడి నేల. వానలకి ఉబ్బుతుంది, ఎండలకి నెర్రెలిస్తుంది. చిన్న షెడ్డే కదా అని పైపైన పునాది వేస్తే రెండేళ్ళకే గోడ చీలుతుంది. ఇంజనీరు చెప్పినట్టు మేం నాలుగడుగులు తవ్వించి, కింద ఇసుక పోసి, బేస్‌మట్టం దగ్గర చుట్టూ కాంక్రీటు బీము వేయించాం. ఎర్రనేలలున్న ఊళ్ళలో ఇంత ఖర్చు ఉండకపోవచ్చు. అందుకే పక్క ఊరి వదినగారి లెక్క మనకి పనికిరాదు.

లెక్క మేస్త్రికి వదిలెయ్యకండి, పిల్లల లెక్కల పుస్తకంపాటి కష్టం కూడా ఉండదు. గోడల చుట్టుకొలత 50 అడుగులు. రేకులకి వాలు కావాలి గనక ఎత్తు ఒకవైపు తొమ్మిది, ఇంకోవైపు పదిన్నర, సగటున 9 అడుగుల 9 అంగుళాలు. అంటే గోడ సుమారు 487 చదరపు అడుగులు. తలుపు, రెండు కిటికీలు తీసేస్తే 430. పదహారంగుళాల పొడవు, ఎనిమిదంగుళాల ఎత్తు ఉన్న సిమెంటు ఇటుకలు వంద చదరపు అడుగులకి 112 పడతాయి. మొత్తం 485. విరిగేవి కలుపుకుని 510 చెప్పాను. మేస్త్రి నోటిలెక్క 650! కాగితం చూపిస్తే ఆయనే "అమ్మగారి లెక్కే కరెక్టు" అన్నారు.

బేస్‌మట్టం అడుగున్నర ఎత్తు. లోపల నింపడానికి 210 ఘనపుటడుగుల మట్టి కావాలి. ట్రాక్టరుకి సుమారు వంద వస్తుంది. దిమ్మిస కొడితే అణుగుతుంది కాబట్టి మూడు ట్రాక్టర్లు రాసుకున్నాను. సిమెంటు మాత్రం ఒకేసారి కొనకండి. మూడు నెలలు నిలవుంటే బలం తగ్గుతుంది. బస్తా మీద తయారైన తేదీ చూడండి, చెక్కల మీద, గోడకి ఆనకుండా పేర్చండి. ఖాళీ బస్తాలు లెక్కపెట్టి దాచండి, ఎన్ని వాడారో అవే చెబుతాయి. ఇంకో మంచి మాట. సిమెంటు మీద జి.ఎస్.టి. 2025 సెప్టెంబరు 22 నుంచి 28 శాతం కాస్తా 18 శాతమైంది. పాత అంచనా కాగితం ఉంటే మళ్ళీ వేయించండి.

పైకప్పుకి ఎవరో పాత సిమెంటు రేకులు చౌకగా ఇస్తామన్నారు. వద్దన్నాను. ఆస్బెస్టాస్ కలిసిన రేకుని కోసినా, బెజ్జం వేసినా లేచే ధూళి ఊపిరితిత్తులకి చేటు, కాన్సర్ కారకం కూడా. రోజంతా కూర్చునే గది కదా! రంగు వేసిన ఇనుప రేకులు ఆరు సరిపోయాయి. రోహిణీకార్తె ఎండలకి పైన తెల్లటి కూలింగ్ పెయింటు వేయించి, ఎత్తయిన గోడకి వెంటిలేటర్లు పెట్టించాం. వేడిగాలి పైకే పోతుంది గనక అక్కడ దారి ఇవ్వాలి. కిటికీ ఒకటి ఉత్తరానికి పెట్టించండి. నేరుగా ఎండ అంతగా పడదు, సూదిలో దారం ఎక్కించడానికి వెలుతురు మాత్రం నిలకడగా ఉంటుంది.

కరెంటు దగ్గర పిసినారితనం వద్దు. వెయ్యి వాట్ల ఇస్త్రీపెట్టె నాలుగు ఆంపియర్ల పైనే లాగుతుంది. వరండా ప్లగ్గు నుంచి తీగ లాక్కోకుండా, మెయిన్ బోర్డు నుంచి విడిగా లైను, దానికో ఎం.సి.బి., ఎర్తు తీగ తప్పనిసరి. ఇంట్లో వ్యాపారం చేస్తే మీటరు కేటగిరీ మారుతుందేమో ముందే కరెంటాఫీసులో అడగండి.

మేస్త్రితో బేరం పని మెట్ల ప్రకారం మాట్లాడుకోండి. బయానా కొద్దిగా, బేస్‌మట్టం అయ్యాక కొంత, గోడలయ్యాక కొంత, చివరి మొత్తం తలుపు బిగించాకే. పరంజా కర్రలు ఎవరివి, ఇసుక జల్లించే కూలీ ఎవరిది అన్నవి కూడా కాగితం మీద ఉండాలి. గోడలకి నీళ్ళు కొట్టే పని మాత్రం మీరే చేయండి. వారం తక్కువ కాకుండా, ఎండాకాలమైతే పది రోజులు. గచ్చు మీద తడి గోనెపట్టాలు పరిస్తే నీళ్ళూ ఆదా.

పక్కన పెట్టిన పాతిక వేలు ఏమయ్యాయంటారా? పునాది తవ్వితే స్నానాలగది నీళ్ళు పోయే పాత గొట్టం అడ్డొచ్చింది. దాన్ని మళ్ళించడానికి 8,000. ఇటుకలు, రేకులు దింపిన ముఠా కూలీలకి, ఆటోలకి 4,500. ఇవేవీ ఏ అంచనాలోనూ ఉండవు. ఆ డబ్బు విడిగా లేకపోతే గాజులు బ్యాంకుకి వెళ్ళేవే! మిగిలిన 12,500తో కత్తిరింపు బల్ల చేయించుకున్నాను. బయటివైపు పూత మరుసటి ఏడాదికి వాయిదా వేసి, ఇటుకల సందులు మాత్రం గట్టిగా పూడ్పించాం. వాయిదా వేయదగ్గదేదో, వేయకూడనిదేదో తెలిస్తే సగం బడ్జెట్ తెలిసినట్టే. పునాది, కప్పు, కరెంటు వాయిదా వేయకూడనివి. రంగులు, అలమరలు ఎప్పుడైనా చేసుకోవచ్చు.

ఆఖరుగా ఒక మాట. మన ఇళ్ళల్లో ఖాళీ గది కనబడితే చాలు, విరిగిన కుర్చీ, పాత సైకిలు, పండగ గంగాళాలు అన్నీ అక్కడికే నడిచొస్తాయి. కుట్టుపనికో, పచ్చళ్ళకో, ట్యూషన్లకో, మీరు కట్టుకునేది దేనికోసమో పద్దు పుస్తకం మొదటి పేజీలోనే పెద్దక్షరాలతో రాయండి. ఇంటిల్లిపాదికీ చదివి వినిపించండి. ఆ తర్వాతే ఇటుకలు దింపించండి.