హైదరాబాద్–విశాఖ గంటంబావేనా?

హైదరాబాద్ నుంచి విశాఖకు విమానంలో గంటంబావు అంటారు. టికెట్ మీది ఆ సమయం ఇక్కడ గేటు దగ్గర విమానం కదిలినప్పటి నుంచి అక్కడ ఆగేదాకా లెక్క. రన్‌వే దాకా మెల్లగా వెళ్లడం, వరుసలో ఆగడం కూడా అందులోనే. గాల్లో ఉండేది గంటకు అటూ ఇటూ. ఆకాశంలో దూరం దాదాపు 500 కిలోమీటర్లు, రోడ్డు మీద 600 పైచిలుకు, విజయవాడ మీదుగా వచ్చే రైలుకు 700 దాకా.

ఇంటి గుమ్మం నుంచి లెక్కేస్తే సంగతి వేరు. కూకట్‌పల్లి నుంచి శంషాబాద్ చేరడానికే గంట దాటుతుంది. బ్యాగులు, తనిఖీ, గేటు దాకా నడక... మోకాళ్ల నొప్పులున్న మా అమ్మకు ఆ నడకే అసలు ప్రయాణం. గోదావరి ఎక్స్‌ప్రెస్‌లో కింది బెర్తు దొరికితే దుప్పటి కప్పుకుని పడుకుంటుంది, తెల్లారేసరికి విశాఖ. ఆమెకు అదే దగ్గర దారి. పగటిపూటైతే 2023లో వచ్చిన వందేభారత్ ఎనిమిదిన్నర గంటల్లో చేరుస్తుంది.

విశాఖకు కొత్తదైన భోగాపురం విమానాశ్రయంతో ఈ లెక్క మళ్లీ మారుతుంది. అది విశాఖ నుంచి 45 కిలోమీటర్ల దూరం. విజయనగరం, శ్రీకాకుళం వాళ్లకు నిజంగా మేలే. గాజువాక, అనకాపల్లి వాళ్లు మాత్రం ఊరు దాటి పోవాలి. వేళకు నడిచే బస్సులు గట్టిగా వేయాలి, అర్ధరాత్రి దిగేవాళ్లక్కూడా.