తాళంచెవి లేని డ్యూటీ

కాలు విరిగి మా వార్డులో చేరిన మనిషి మొదటి రోజు బాగానే ఉంటాడు. రెండో రోజు రాత్రి నిద్ర పట్టడం లేదంటాడు. ఒళ్లంతా చెమటలు పోస్తాయి, నీళ్ల గ్లాసు పట్టుకుంటే సగం దుప్పటి మీద ఒలికిపోతుంది. మూడో రోజు గోడ మీద పురుగులు పాకుతున్నాయని చేత్తో దులుపుతాడు, సెలైన్ సూది పీక్కుంటాడు, మంచం దిగబోతాడు. "బ్రదర్, మా ఆయనకి గాలి సోకింది. ఒక్క గంట పంపించండి, తాయెత్తు కట్టించుకొస్తాం" అని భార్య ఏడుస్తుంది. అది గాలీ కాదు, ధూళీ కాదు. ఏళ్ల తరబడి రోజూ తాగిన శరీరానికి మద్యం ఒక్కసారిగా ఆగిపోతే వచ్చే జబ్బు. డాక్టర్లు డెలీరియం ట్రెమెన్స్ అంటారు. సాధారణంగా ఆఖరిసారి తాగిన రెండు మూడు రోజులకు మొదలవుతుంది. గుర్తుపట్టకపోతే ప్రాణం పోతుంది.

చిలకలూరిపేట హైవే మీద ఊరు. గుంటూరుకీ ఒంగోలుకీ మధ్య ఏ లారీ బోల్తా పడినా మా చుట్టుపక్కల ఆసుపత్రులకే తెస్తారు. గణపవరం వైపు స్పిన్నింగ్ మిల్లుల్లో పనిచేసేవాళ్లు, మిరపకాయ కోతలకు వచ్చిన కూలీలు, పత్తి లోడు ఎత్తే హమాలీలు వస్తుంటారు. అడ్మిషన్ కాగితంలో 'అలవాట్లు' అని ఒక గడి ఉంటుంది. నలుగురి ముందు అడిగితే అందరూ "ఎప్పుడన్నా" అనే చెబుతారు. నేను పక్కన కూర్చుని చిన్నగా అడుగుతాను: "అన్నా, రోజుకి క్వార్టరా, హాఫా? చివరిసారి ఎప్పుడు తాగావు? పొద్దున లేవగానే చేతులు వణుకుతాయా?" అలా అడిగితే దాచరు. ఆ జవాబు వెంటనే డాక్టరుగారికి చెబుతాను. గ్లూకోజు ఎక్కించేముందు థయమిన్, అంటే బి1 విటమిన్, పడాలి. వణుకు ముదరకముందే లొరాజెపామ్‌ లాంటి మందు మొదలుపెట్టాలి. రాత్రి లైటు ఆర్పకూడదు. తెలిసిన ముఖం ఒకటి పక్కన ఉండాలి. చేతులు మంచానికి కట్టేయడం ఆఖరి మార్గం కావాలి, మొదటిది కాదు.

ఈ ప్రశ్నలు అడగడం నాకు జీఎన్ఎం నర్సింగ్ కోర్సులో నేర్పలేదు. గుంటూరులో డీఅడిక్షన్ వార్డులో నేనూ ఒక మంచం మీద పడుకుని నేర్చుకున్నాను.

దాని వెనక కథ పెద్దదేమీ కాదు. వరసగా క్యాజువాలిటీలో నైట్లు. పొద్దున ఇంటికెళ్తే నిద్ర రాదు. నిద్ర కోసం తాగడం మొదలైంది, ఆ తర్వాత డ్యూటీకి ముందుకు వచ్చింది, చివరికి ఉద్యోగం పోయింది. ఇలాంటి కథ మీ వీధిలోనూ ఉంటుంది. నేను చెప్పదలుచుకున్నది ఆ తర్వాతి సంగతి. మానేసిన నర్సును మళ్లీ వార్డులోకి ఎలా తీసుకోవాలన్న సంగతి. దాని గురించి మనదగ్గర ఎవరూ మాట్లాడరు.

నన్ను తీసుకున్న నర్సింగ్ సూపరింటెండెంట్ మేడమ్ జాలి మాటలేమీ చెప్పలేదు. నా డిశ్చార్జి కాగితాలు చదివారు. కౌన్సిల్ రిజిస్ట్రేషన్ రెన్యువల్ చూపించమన్నారు. ఐదేళ్లకోసారి చేయించుకోవాల్సిన రెన్యువల్ అది. తర్వాత షరతులు చెప్పారు. కొంతకాలం నైట్లు వద్దు. ఫోర్ట్‌విన్, మిడజోలామ్ ఉండే అలమారా తాళంచెవి నా దగ్గర ఉండదు. డ్యూటీకి రాగానే తన ఎదురుగా నిలబడి పలకరించాలి. ఎప్పుడు పరీక్ష చేయించుకోమన్నా మాట్లాడకుండా చేయించుకోవాలి. డాక్టరు రాసిన డైసల్ఫిరామ్ బిళ్ల ఇంట్లో అమ్మ చూస్తుండగా వేసుకోవాలి. "నువ్వు చెడ్డవాడివని కాదయ్యా, నీకు రక్షణ" అన్నారు. ఆ రోజు చిన్నతనం అనిపించింది. ఇప్పుడు తిరిగి చూస్తే, నన్ను నిలబెట్టింది ఆ షరతులే అని గట్టిగా చెప్పగలను. క్షమించి ఊరుకుని ఉంటే నేను నిలిచేవాణ్ణి కాదు. గుట్టుగా ఉంచి ఉన్నా నిలిచేవాణ్ణి కాదు.

డ్యూటీలో ఎవరూ ఊహించని చిక్కొకటి ఉంది. డైసల్ఫిరామ్ వేసుకునేవాడి ఒంట్లో ఆల్కహాలు పూర్తిగా విరగదు. అసిటాల్డిహైడ్ అనే విషం పోగుపడి ముఖం ఎర్రబడుతుంది, గుండె దడదడలాడుతుంది, వాంతులవుతాయి, బీపీ పడిపోతుంది. 1930ల్లో రబ్బరు పరిశ్రమ కార్మికుల్లో ఇలాంటిదే గమనించారు. 1940ల చివర్లో డెన్మార్క్‌లో డైసల్ఫిరామ్‌ను తాగుడు మాన్పించే మందుగా తెచ్చారు. నర్సు చేతికేమో రోజంతా స్పిరిటే. శానిటైజరు, ఇంజెక్షను ముందు తుడిచే దూది, అన్నిట్లోనూ అదే. అందుకని నేను రోగికీ రోగికీ మధ్య కుళాయి దగ్గరికెళ్లి సబ్బుతో చేతులు కడుక్కునేవాణ్ణి. కొత్తగా వచ్చిన అమ్మాయిలు "బ్రదర్‌కి ఎంత శుభ్రమో" అనేవారు. ఇన్‌చార్జి సిస్టరుకు కారణం తెలుసు. నా ట్రాలీ మీద ఆల్కహాలు లేని బెటాడిన్ సీసా విడిగా పెట్టేవారు.

ఇక్కడ ఒక మాట చెప్పి తీరాలి. మన ప్రాంతంలో మగవాడికి తెలియకుండా ఆ బిళ్ల కూరలోనో మజ్జిగలోనో కలిపి పెట్టే ఇళ్లున్నాయి. విసిగిపోయిన భార్య చేసే పని అది, ఆమె బాధ నాకు తెలుసు. కానీ తెలియక తాగితే ఆ మనిషి గుండె ఆగిపోవచ్చు. బిళ్ల ఆపేసినా దాని ప్రభావం రెండు వారాల దాకా ఉండవచ్చు. అమ్మా, దయచేసి ఆ పని చేయకండి. డాక్టరు చెప్పి, తాగే మనిషి ఒప్పుకుని, తన చేత్తో వేసుకోవాల్సిన మందు అది.

నాకు అన్నిటికన్నా కష్టమయ్యేది పురుగుమందు కేసులు వచ్చిన రోజు. మిరపకు తెగులు పట్టినా, పత్తి ధర పడిపోయినా ఆ కేసులు పెరుగుతాయి. చాలామంది తాగిన మత్తులో మింగి ఉంటారు. కనుపాపలు సూదిమొనంత అయిపోతాయి, నోటివెంట నురగ, ఛాతీలో గురగుర. అట్రోపిన్ ఇస్తూ, స్టెతస్కోపు పెట్టి ఛాతీ పొడిబారిందా అని వింటూ, పల్స్ చూస్తూ కదలకుండా ఉండాలి. వాంతి తుడుస్తుంటే మందు వాసనా పురుగుమందు వాసనా కలిసి ముక్కుకి తగులుతాయి. మనిషి బతికితే సంతోషంతో తాగాలనిపిస్తుంది, పోతే దుఃఖంతో తాగాలనిపిస్తుంది. అలాంటి సాయంత్రం నేను ఒంటరిగా ఇంటికి వెళ్లను. ముందు గుంటూరులోని ఆల్కహాలిక్స్ అనానిమస్ అనే తాగుడు మానేవాళ్ల సంఘం మిత్రుడికి ఫోన్ చేస్తాను. 1935లో అమెరికాలో ఆ సంఘాన్ని మొదలుపెట్టిన ఇద్దరిలో ఒకరు బాబ్ స్మిత్ అనే సర్జన్. తాగుడు మానేశాక ఆయన మళ్లీ వైద్యం చేశారు. ఆసుపత్రిలో పనిచేసే నాబోటివాడికి ఆ సంగతి పెద్ద ధైర్యం.

అమెరికాలో 1980ల నుంచి చాలా రాష్ట్రాల్లో వ్యసనంలో పడిన నర్సులకు ప్రత్యేక పద్ధతి ఉంది. చికిత్స తీసుకుని, ఒప్పందం మీద సంతకం చేసి, చెప్పాపెట్టకుండా చేసే పరీక్షలకు ఒప్పుకుంటే కొన్నేళ్ల పర్యవేక్షణలో ఉద్యోగం చేసుకోవచ్చు. మా మేడమ్ తన బుర్రతో పెట్టిన షరతులు దాదాపు అవే. మన 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం కూడా మద్యం, మత్తుపదార్థాల వల్ల వచ్చే మానసిక స్థితులను జబ్బు కిందే లెక్కవేసింది. శరీరానికి వచ్చే జబ్బులతో సమానంగా వాటికీ చికిత్స అందాలని, రోగి వివరాలు గోప్యంగా ఉండాలని చెప్పింది. అయినా కామెర్లొచ్చి సెలవు పెట్టిన నర్సుకు దొరికే మర్యాద తాగుడుకు చికిత్స తీసుకున్న నర్సుకు దొరకదు. అందులోనూ నేను మగవాణ్ణి కాబట్టి ఈ మాత్రమైనా చెప్పుకోగలుగుతున్నాను. నిద్రమాత్రలకో ఇంజెక్షన్లకో అలవాటుపడిన సిస్టర్లు బయటపడితే పెళ్లి, కాపురం, పరువు అన్నీ పోతాయని నోరు కుట్టేసుకుంటారు. వాళ్లకు చికిత్స అందదు, వాళ్ల చేతుల్లో ఉన్న రోగులకూ రక్షణ ఉండదు.

నర్సింగ్ కౌన్సిల్ పెద్దలకు, ఆసుపత్రులు నడిపేవారికి నా విన్నపం ఒకటే. నర్సు తాగి డ్యూటీకొస్తే వెంటనే పక్కన పెట్టండి, అందులో రెండో మాట లేదు. కానీ పక్కన పెట్టాక చికిత్సకు పంపండి. నయమై వస్తే ఏ షరతుల మీద తీసుకుంటారో కాగితం మీద రాసిపెట్టండి. మంచి సూపరింటెండెంట్ దొరికితేనే బతికే పరిస్థితి ఉండకూడదు. ఇక ఇది చదువుతున్న సిస్టరు, బ్రదరు ఎవరైనా ఇప్పటికే డ్యూటీకి ముందు తాగుతుంటే, ఉన్నపళంగా సొంతంగా ఆపేయకండి. అలా ఆపితే ఏమవుతుందో మనకు తెలుసు. తాగుడు మానడానికి సాయం కోసం 14446కి గానీ, మనసు బాగోలేకపోతే టెలీమానస్ 14416కి గానీ ఫోన్ చేయండి. రెండూ ఉచితమే, టెలీమానస్‌లో తెలుగులో మాట్లాడవచ్చు.