1992 పలక దగ్గర

2002 జులైలో కాల్గరీ నుంచి తెల్లవారకముందే బయల్దేరాం. వెనక సీట్లో అమ్మ, ఒళ్లో పులిహోర గిన్నె. ముందు సీట్లో నాన్న, చేతిలో మడతల దగ్గర చిరిగిన కాగితం మ్యాపు. లేక్ లూయీస్ దాటాక జాస్పర్ దాకా కొండల మధ్య 230 కిలోమీటర్లు ఒకటే రోడ్డు. దారి తప్పే వీల్లేదు. అయినా నాన్న వచ్చిన ప్రతి ఏరు పేరూ వెతికి పైకి చదివేవారు. ఇప్పుడు దారి ఫోనే చెబుతుంది.

పేటో సరస్సు నీలం చూసి అమ్మ, "నీళ్లలో ఏమైనా కలిపారా?" అంది. కలిసే ఉంటుంది. హిమానీనదం కింద నలిగిన రాయి పిండైపోయి నీళ్లలో తేలుతుంది, దాని మీద పడిన వెలుగే ఆ రంగు. మంచు పోతే ఆ పిండీ రాదు, ఆ నీలమూ ఉండదు. ఆ రోజు అంతదూరం నాకు తట్టలేదు.

అథబాస్కా హిమానీనదం రోడ్డు మీంచే కనిపిస్తుంది. అంచుకు వెళ్లే బాట పక్కన ఏళ్లు రాసిన పలకలుంటాయి, ఆ ఏడు మంచు అంతదాకా ఉండేదని గుర్తు. నాన్నకి ఎవరూ వివరించక్కర్లేకపోయింది. కోనసీమ లంకలో మా ఇంటి గోడ మీద 1986 గోదావరి వరదకి ఆయనే బొగ్గుతో గీత గీశారు. 1992 పలక మీద చెయ్యి వేసి, "మన గీత నీళ్లు ఎందాకా వచ్చాయో చెబుతుందిరా. ఇది ఎందాకా పోయాయో చెబుతోంది" అన్నారు. తాడు కట్టిన చోట, మంచు వెనక కనిపించేలా ఆయనకి ఫొటో తీశాను.

తర్వాత మనిషెత్తు చక్రాల బస్సులో మంచు మీదికే వెళ్లాం. కరిగి పారుతున్న నీటిని నాన్న సీసాలో పట్టారు. ఆ మంచు మైదానం నీళ్లు పసిఫిక్, ఆర్కిటిక్, అట్లాంటిక్ మూడింటికీ చేరతాయని గైడు చెప్పింది. ఊరెళ్లాక ఆ మాట ఆయన చెప్పని ఇల్లు లేదు. సీసా దేవుడి గూట్లో కాశీ గంగ చెంబు పక్కన చేరింది. 2016లో ఆయన పోయేముందు అమ్మ తులసి తీర్థంలో ఆ నీళ్లూ కలిపి నోట్లో పోసింది.

ఆ రాత్రి జాస్పర్‌లో ఒక పెద్దావిడ ఇంట్లో అద్దెగదిలో పడుకున్నాం. మర్నాడు తన వంటింట్లో అమ్మని కాఫీ కాచుకోనిచ్చింది, గోంగూర పచ్చడి రొట్టెకి రాసుకుని తింది. 2024 జులై కార్చిచ్చులో ఆ ఊళ్లో దాదాపు మూడోవంతు కట్టడాలు కాలిపోయాయి. నిరుడు వెళ్తే ఆ ఇంటి జాగాలో పునాది మాత్రం మిగిలింది.

ఆ ప్రయాణంలోనే అమ్మని మళ్లీ అథబాస్కా దగ్గరికి తీసుకెళ్లాను. నా చెయ్యి పట్టుకుని, మెల్లగా, 1992 పలక దాకా నడిచింది. సంచీలోంచి పాత ఫొటో తీసి ఎదురుగా పట్టుకుంది. ఫొటోలో మంచు ఉన్నచోట కంకర, దాని వెనక బూడిదరంగు మడుగు. అసలు మంచు ఎక్కడో పైన, వెనక్కి.

"మీ నాన్న ఎక్కడ నించున్నారు?" అంది.

వేలు పెట్టి చూపించాను. చాలాసేపు అటే చూసింది.