చూసినందుకు ఎంత?

మీ ఇంట్లో మీటరు బోర్డు పక్కన గోడ మీద పెన్సిలుతో రాసిన ఫోను నంబరొకటి ఉండాలి, ఉందా? పైన 'కరెంటు' అని రాసుంటుంది. రంగులు వేయించినప్పుడల్లా ఆ జానెడు చోటు వదిలేయించి ఉంటారు. ఇప్పుడు ఆ నంబరుకి ఫోన్ చేసి చూడండి. ఆయన దుబాయి వెళ్లిపోయి ఉంటాడు, లేదా కాంట్రాక్టరైపోయి అపార్టుమెంట్లు తప్ప ముట్టుకోనంటాడు. ఈ రెండూ కాకపోతే "రేపు పొద్దున్నే వస్తా సార్" అంటాడు. ఆ రేపు ఏ పంచాంగంలోనూ దొరకదు.

ఇక మిగిలింది సెంటర్లో ఎలక్ట్రికల్ షాపు. పొద్దున తొమ్మిదిలోపే వెళ్లాలి. మెట్ల మీద నలుగురైదుగురు సంచులు పక్కన పెట్టుకుని టీ తాగుతుంటారు. షాపాయన అందులో ఒకర్ని చూపించి "తీసుకెళ్లండి, మనవాడే" అంటాడు. మనవాడంటే, సామాను ఆ షాపులోనే కొనేవాడని. అందులో తప్పు పట్టడానికేం లేదు, బిల్లు మీ చేతికొచ్చి, వైరు మీద ఐఎస్ఐ గుర్తు కనబడుతున్నంతవరకు.

ఇంటి వైరింగు లైసెన్సున్న కాంట్రాక్టరు కింద, పర్మిట్టున్న మనుషులే చెయ్యాలన్నది రూలు. ఐటీఐలో ఎలక్ట్రీషియన్ కోర్సు రెండేళ్లు. మన వీధుల్లో మాత్రం చాలామందికి చదువంతా గురువుగారి నిచ్చెన మోసిందే. అయినా "పర్మిట్టుందా బాబూ?" అని అడగడానికి మొహమాటపడకండి. ఉన్నవాడు జేబులోంచి తీసి గర్వంగా చూపిస్తాడు.

నేనైతే ఇంకోటి కూడా చూస్తాను, గుమ్మం దాటగానే అతను ఎటు నడుస్తాడని. ఫ్యాను తిరగట్లేదంటే నిచ్చెన పట్టుకుని తిన్నగా ఫ్యాను దగ్గరికెళ్లేవాడు ఒక రకం. "మెయినెక్కడమ్మా? ఇన్వర్టరుందా?" అని అడిగేవాడు ఇంకో రకం. గోడ మీద రాసుకోవాల్సింది ఈ రెండోవాడి నంబరే. ఇన్వర్టరున్న ఇంట్లో మెయిన్ ఆపేసినా సగం పాయింట్లలో కరెంటు బతికే ఉంటుంది. పైగా మెయిన్ పోయిన క్షణంలోనే ఇన్వర్టరు లేచి కూర్చుంటుంది. కరెంటు కోతల రోజుల్లో హడావిడిగా పెట్టించుకున్న ఇన్వర్టర్లకి ఏ లైను ఎక్కణ్నించి లాగారో, ఏ న్యూట్రల్ దేనితో కలిపారో లాగినవాడికే గుర్తుండదు.

పాత ఇళ్ల సంగతి చెప్పక్కర్లేదు. టేకు పట్టీ మీద రేకు క్లిప్పులతో బిగించిన వైర్లు, గుండ్రటి చెక్క దిమ్మె మీద నల్ల స్విచ్చు, తెల్ల పింగాణీ ఫ్యూజు ఇంకా చాలా ఊళ్లలో కొలువుతీరే ఉన్నాయి. చూడ్డానికి భలే ముద్దుగా ఉంటాయి, ఒప్పుకుంటాను. కానీ రబ్బరు తొడుగున్న ఆ రోజుల వైరు చివర వేళ్లతో కాస్త వంచి చూడమనండి, మెయినూ ఇన్వర్టరూ ఆపాకే సుమా. తొడుగు పొడిపొడిగా రాలి చేతిలో పడుతుంది. తర్వాత అల్యూమినియం వైర్లొచ్చాయి. అల్యూమినియం స్క్రూ కింద నలుగుతుంది, వేడెక్కి చల్లారినప్పుడల్లా కాస్త కాస్త వదులవుతుంది, పైన ఒక పొర కట్టి కరెంటుకే అడ్డం పడుతుంది. దానికి రాగి వైరు మెలిపెట్టి టేపు చుట్టారంటే ఆ జాయింటు ఎప్పుడో ఒకప్పుడు కాలుతుంది. స్విచ్ బోర్డు దగ్గర ప్లాస్టిక్కు మాడిన వాసనో, కుళ్లిన చేప వాసనో వస్తే వంటింటి మీదికి నెట్టెయ్యకండి.

అసలా వైర్లు వేసిన రోజున ఇంట్లో ఏముండేవి? నాలుగు బల్బులు, రెండు ఫ్యాన్లు, ఒక రేడియో. షాపులో ఇప్పటికీ కొందరు పెద్దాళ్లు "ఒకటి బై పద్దెనిమిది" అని అడుగుతారు చూడండీ, ఆ వైరు సైజు 1 చదరపు మిల్లీమీటరు దాటి కాస్తే. లైట్లకి హాయిగా సరిపోతుంది. ఇప్పుడు దాని మీద 2,000 వాట్ల గీజరు పెడుతున్నాం. 230 వోల్టుల దగ్గర అది దగ్గర దగ్గర 9 ఆంపియర్లు లాగుతుంది. 3,000 వాట్లదైతే 13. గీజరుకీ ఏసీకీ నాలుగు చదరపు ఎంఎం రాగి వైరు బోర్డు నుంచి విడిగా లాగించుకోవాలి, పక్క గదిలో ఉన్న ప్లగ్గులోంచి కాదు. ప్లగ్గంటే గుర్తొచ్చింది, ప్లగ్గు లేని వైర్లని అగ్గిపుల్లలతో నొక్కిపెట్టే విద్య మనవాళ్లు ఇంకా మర్చిపోలేదు.

మరి ఎంసీబీ మాటిమాటికీ పడిపోతుంటే? "పదహారుది తీసేసి ముప్ఫై రెండుది వేస్తా సార్, ఇక పడదు" అంటాడు తొందరలో ఉన్నవాడు. నిజమే, పడదు. ఎంసీబీ కాపలా కాసేది గోడలో ఉన్న వైరుకి, ముప్ఫై రెండుది పడలేదంటే వైరు కాగుతోందన్నమాట. మా నాన్నగారి కాలంలో ఫ్యూజుకి రెండు పోగుల వైరు చుట్టడమూ ఇదే పని.

మా మేనత్తగారింట్లో తడి గ్రైండరుంది. "చెప్పులేసుకుని ముట్టుకోవే" అని కోడళ్లకి చెప్పడం ఆవిడకి అలవాటు. ఇంటిల్లిపాదీ చెప్పులకి అలవాటుపడ్డారు గానీ, ఎందుకు జివ్వుమంటోందని అడిగినవాళ్లు లేరు. ఆ ప్లగ్గులో ఎర్తుకని మూడో కంత ఉంది, దాని వెనక వైరు లేదు! కొన్ని ఇళ్లలో ఇంతకన్నా ఘోరం, ఆ మూడో కంతకి న్యూట్రల్ నుంచే చిన్న ముక్క కలిపేస్తారు. టెస్ట్ ల్యాంపు పెడితే ధగధగా వెలుగుతుంది, ఎర్తు భేషుగ్గా ఉన్నట్టే కనబడుతుంది. ఎప్పుడైనా ఆ న్యూట్రల్ తెగిందా, ఫ్రిజ్జు ఒంటికంతా కరెంటే. అందుకే ప్లేటు విప్పి కళ్లతో చూసేవాడు కావాలి. పెరట్లో ఎర్తు గుంట ఎక్కడుందో కూడా అడగమనండి. బొగ్గూ ఉప్పూ వేసి పైపు దించిన ఆ గుంటలో ఎండాకాలం నీళ్లు పోసేవాళ్లు పూర్వం. ఇప్పుడు దాని మీద కారు పార్కింగు టైల్సు పరుచుకున్నాం.

ఎర్తుతోపాటు 30 మిల్లీయాంపుల ఆర్సీసీబీ ఉండాలి. మనిషికి షాకు కొడుతుంటే ఎంసీబీకి చీమ కుట్టినట్టయినా ఉండదు, దాని లెక్క 16 ఆంపియర్లు. ఆర్సీసీబీ దానిలో సుమారు ఐదువందలో వంతు దారి తప్పినా కట్టేస్తుంది. అయితే ఇందాకటి ఇన్వర్టరు న్యూట్రల్ కలగాపులగం ఉందే, దాని దెబ్బకి ఇది ఊరికే పడిపోతుంటుంది. అప్పుడు దాన్ని తప్పించేసి చెప్పే మాట, "ప్రస్తుతానికి డైరెక్టు ఇచ్చేశాను సార్." కరెంటు పనిలో నన్ను భయపెట్టే మాట ఇదొక్కటే. ప్రస్తుతం పదేళ్లు నడుస్తుంది మన ఇళ్లలో.

వాణ్ని తిట్టి లాభం లేదు. మొన్నొక కుర్రాడు వచ్చి గంటన్నర సేపు బోర్డులన్నీ విప్పాడు, స్క్రూలన్నీ బిగించాడు, న్యూట్రల్ మీద పెట్టిన రెండు స్విచ్చుల్ని ఫేజు మీదికి మార్చాడు. స్విచ్చు ఆపినా ఎల్ఈడీ బల్బులు రాత్రంతా ఎందుకు మినుకుమంటున్నాయో అప్పుడు తేలింది. ఐదొందలడిగాడు. ఇంట్లో పెద్దావిడ, "ఏం మార్చావు నాయనా, ఐదొందలకి?" అంది. డాక్టరు నాడి పట్టుకుని "ఏం లేదండీ" అంటే దణ్ణం పెట్టి ఫీజిస్తామే, ఇక్కడ మాత్రం ఏదో ఒక వస్తువు చేతిలో పడితే గానీ మనకి డబ్బు విలువ కనబడదు. చూసినందుకు ఇవ్వమని తేల్చేశాక అతనేం చేస్తాడు? రెండోసారి బాగున్న స్విచ్చు తీసేసి కొత్తది వేస్తాడు, లోపలి జాయింటు జోలికి వెళ్లడు. ముందే బేరం తేల్చుకోండి: చూడ్డానికింత, మార్చడానికింత, సామాను విడిగా.

మెగ్గరుందా అని కూడా అడగండి. 500 వోల్టులతో వైరు తొడుగు ఎంత గట్టిగా ఉందో చెప్పే పరికరమది. మెగోముల్లో అంకె చూపిస్తుంది, ఒకటికి దిగువన ఉన్న లైను అనుమానించాల్సిందే. ఇక లైట్లు ఉన్నట్టుండి కళ్లు బైర్లు కమ్మేలా వెలిగి, ఇంకో గదిలో డల్లయితే న్యూట్రల్ పోయినట్టు, ముందు మెయిన్ ఆపెయ్యండి. స్తంభం నుంచి మీటరు దాకా డిస్కం వాళ్లది, 1912కి ఫోన్ చేసి చెప్పాలి. అక్కణ్నించి లోపలంతా మీది.

ఎప్పుడు పిలవాలంటారా? ఎండాకాలంలో వద్దు, ఏసీల పనితో చేతికి చిక్కరు. మాఘం, ఫాల్గుణం గృహప్రవేశాలు, పెళ్లి పందిళ్ల సీరియల్ సెట్లు. శూన్యమాసాలు మేలు. పుష్యంలో ఖాళీగా ఉంటారు, బేరం కుదురుతుంది. ఆషాఢమైతే ఇంకా మంచిది, గోడలు చెమ్మగిల్లి ఉంటాయి కనక మెగ్గరు నిజం చెబుతుంది.