ఓళిగ, ఊడ, పదును

అనంతపురం జిల్లాలో వేరుశనగ అనే మాట వినిపించేది రేడియోలో, కనిపించేది విత్తన సంచి మీద. చేన్లో అది శెనక్కాయ. కర్నూలు వైపు పోతే బుడ్డలు, తెలంగాణలో పల్లీలు, మడకశిర దాటి కర్ణాటకలో అడుగుపెడితే కడలేకాయి. ఇన్ని పేర్లున్న ఈ పంట మన నేలన పుట్టింది కాదు, దక్షిణ అమెరికాది. మెక్సికోలో నాహువా జనం దాన్ని నేలలో కాసే కోకో గింజ అన్నారు. స్పెయిన్ వాళ్లు ఆ మాటనే తమ నోటికి తిప్పుకున్నారు. ఈజిప్టులో అది సూడాన్ చిక్కుడు. చైనాలో దాని పేరుకు పువ్వు రాలి పుట్టిన కాయ అని అర్థం.

ఆ చైనా పేరు చెబితే అనంతపురం రైతు వెంటనే ఒప్పుకుంటాడు. పసుపుపచ్చని పువ్వు వాడిపోయాక దాని మొదట్లోంచి సన్నని కాడ కిందికి దిగి మట్టిలో గుచ్చుకుంటుంది. దాని కొసన కాయ ఊరుతుంది. ఆ కాడల్ని ఊడలంటారు. ఊడలు దిగే రోజుల్లో నేల బిగుసుకుపోతే అవి లోపలికి పోలేవు. చెట్టు పచ్చగానే ఉంటుంది, పీకి చూస్తే కాయ ఉండదు. ఏడాది మొత్తానికి 550 మిల్లీమీటర్ల చుట్టూ పడే వానను నమ్ముకున్న చోట ఇది చిన్న విషయం కాదు. అందుకే ఇక్కడ వానను పదునుతో కొలుస్తారు. ‘పదునైందా?’ అంటే విత్తనం వేసేంత తడి లోపలికి దిగిందా అని. పైపైన తడిపి పోయిన వాన ఎంతసేపు కురిసినా లెక్కలోకి రాదు. ఒక్క మాటతో ఇంత కచ్చితంగా అడిగే ప్రశ్న వాతావరణ వార్తల్లో నాకు ఎన్నడూ వినపడలేదు.

సరిహద్దు ఈ భాషను ఇంకో విధంగా పెంచింది. 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడినప్పుడు బళ్లారి మైసూరుకు పోయింది, రాయదుర్గం అనంతపురంలో కలిసింది. ఇప్పుడు శ్రీసత్యసాయి జిల్లాలో ఉన్న మడకశిరకు మూడు వైపులా కర్ణాటకే. ఆ పక్కనే ఉన్న పావగడ కర్ణాటక తాలూకా, ఇళ్లల్లో మాత్రం తెలుగు. సంతకు పోయేవాళ్లకు, పిల్లనిచ్చి పుచ్చుకునేవాళ్లకు గీత ఎక్కడుందో పట్టలేదు. కాబట్టి కోస్తావాళ్ల బొబ్బట్టు ఇక్కడ కన్నడ హోళిగెకు చెల్లెలై ఓళిగ అయింది. కర్నూల్లో అదే భక్ష్యం, తెలంగాణలో పోలె. మరమరాలు బొరుగులయ్యాయి. వాటిని నీళ్లలో ముంచి, పిండి, ఎర్రగడ్డ వేసిన తాలింపులో కలిపి, పైన పప్పుల పొడి చల్లితే ఉగ్గాని. పక్కన మిరపకాయ బజ్జి లేకుండా ఎవరూ పెట్టరు.

ఆ పప్పుల దగ్గరే బయటివాళ్లు తడబడతారు. అంగట్లో పప్పులు అడిగితే పుట్నాలు పొట్లం కట్టిస్తారు. కందిపప్పు కావాలంటే బ్యాళ్లు అనాలి. ఎర్రగడ్డ ఉల్లిపాయ, తెల్లగడ్డ వెల్లుల్లి, ఉర్లగడ్డ బంగాళాదుంప. శ్రీకాకుళం వైపు ఆనపకాయ అంటే సొరకాయ. దీర్ఘం తీసేసి అనంతపురంలో అనపకాయ అంటే చలికాలం మంచుకు కాసే చిక్కుడు జాతి కాయ. దాని గింజల్ని రాత్రంతా నానబెట్టి, బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య పెట్టి నొక్కితే తోలు చేతిలో ఉండి బద్ద ఎగిరి గిన్నెలో పడుతుంది. అదే పితికిపప్పు. వేడి రాగి సంగటిలో గుంట చేసి ఆ కూర పోసుకుని తిన్నవాళ్లకు దాని రుచి వేరే చెప్పక్కర్లేదు.

అన్నిటికన్నా నవ్వు తెప్పించేది స్నానం. కోస్తా నుంచి వచ్చిన కొత్త కోడల్ని అత్త పొద్దున్నే ‘నీళ్లు పోసుకుంటివామ్మా?’ అని అడిగితే ఆ పిల్ల సిగ్గుతో ముడుచుకుపోతుంది. ఆమె పుట్టింటి వైపు నీళ్లోసుకోవడమంటే కడుపుతో ఉండటం. ఇక్కడ చెంబుతో ఒంటి మీద నీళ్లు పోసుకోవడమే. చుట్టరికాల్లోనూ ఇంతే. కోస్తాలో పసిపిల్లలకు జేజి అంటే దేవుడు, ఇక్కడ నాయన్ను కన్న తల్లి. అవ్వ అంటే మనకు ముసలామె, తెలంగాణలో చాలాచోట్ల అమ్మ.

ఇంత మెత్తగా మాట్లాడే భాషకు సినిమాలు అరుపునూ కత్తినీ అంటగట్టడం నాకు బాధ. పట్నం కాలేజీలో చేరిన పిల్లలు ‘యాల’ అనబోయి ‘ఎందుకు’ అని దిద్దుకోవడం చూస్తే ఇంకా బాధ. ‘యాల’లో తప్పేముంది? బండి నారాయణస్వామి ‘శప్తభూమి’ నవలకు 2019లో కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారం వచ్చింది. ఈ నేలను పట్టుకుని రాసిన పుస్తకానికి ఆ గౌరవం దక్కిన సంగతి ఆ పిల్లలకు బడిలోనే చెప్పాలి.

ఈ సీమ పేరు కూడా ఇలాంటి భాషాప్రేమికుడు పెట్టిందే. చిలుకూరి నారాయణరావు శ్రీకాకుళం వైపు మనిషి. అనంతపురం దత్తమండల కళాశాలలో తెలుగు చెప్పారు, ఆంధ్ర భాషా చరిత్ర రాశారు, సామెతలు పోగుచేశారు. అంతకుముందు అందరూ దత్తమండలాలనేవారు. నిజాం 1800లో ఇంగ్లీషువాళ్లకు అప్పగించిన నేల అని ఆ పేరే గుర్తుచేసేది. 1928లో నంద్యాల సభలో నారాయణరావు రాయలసీమ అందామన్నారు, జనం అన్నారు. ఆనపకాయ దేశంలో పుట్టి అనపకాయ దేశానికి పేరు పెట్టిన మనిషి ఆయన.

1962లో భద్రిరాజు కృష్ణమూర్తి సంపాదకత్వంలో ఆంధ్రప్రదేశ్ సాహిత్య అకాడమీ మాండలిక వృత్తిపదకోశం మొదటి సంపుటం, వ్యవసాయం మీద, తెచ్చింది. జిల్లాల్లో రైతుల నోట విని రాసుకున్న మాటలవి. రెండోది 1971లో చేనేత మీద వచ్చింది. అప్పటికీ ఇప్పటికీ చేను మారింది. మడక, గొర్రు, గుంటక చాలా ఊళ్లలో చావిట్లో మూలకు చేరాయి, వాటి భాగాల పేర్లు తెలిసినవాళ్లు పెద్దవాళ్లయ్యారు. మరోపక్క కొత్త మాటలు పుట్టాయి. కదిరి పరిశోధన కేంద్రం విడుదల చేసిన కదిరి 6, కదిరి లేపాక్షి శెనక్కాయ రకాలను రైతులు చుట్టాలను పిలిచినట్టు పేరు పెట్టి పిలుస్తారు. డ్రిప్పు పైపు భాగాలకు ఒక్కో ఊరు ఒక్కో పేరు పెట్టుకుంటోంది. ఈ పాత మాటల్నీ కొత్త మాటల్నీ పోగుచేయడం జిల్లాలోని డిగ్రీ కాలేజీల తెలుగు విద్యార్థులు సెలవుల్లో సొంత ఊళ్లోనే కూర్చుని చేయగల పని. మొదట జేజినీ తాతనూ అడగాలి. మడకతో మొదలుపెట్టి గొర్రు, వామి, గెనిమ దాకా వాళ్లు చెబుతారు. డ్రిప్పు సంగతి నాయన చెబుతాడు.