దారి లెక్కలు – 9: గైడ్‌బుక్‌లో "మీరు" ఎవరు?



పోయిన భాగం చదివి చాలామంది ఒకటే అడిగారు. "అన్నా, ఏజెంట్ లేకుండా, టూర్ ప్యాకేజీ లేకుండా పసిఫిక్ మధ్యలో దీవులకు మనంతట మనం పోగలమా? ఎక్కడ మొదలుపెట్టాలి?"

పోగలం. గైడ్‌బుక్‌తో మొదలుపెట్టాలి. కాకపోతే ఆ పుస్తకం మనల్ని ఎదురుగా కూర్చోబెట్టుకుని రాసింది కాదు. ఆ సంగతి గుర్తుపెట్టుకుని చదివితే బంగారం. మర్చిపోయి చదివితే ఎయిర్‌పోర్టులో ఆపేస్తారు.

నా దగ్గరున్నది అబిడ్స్ ఆదివారం పుస్తకాల బజారులో కొన్న దక్షిణ పసిఫిక్ గైడ్‌బుక్. 2009కి ముందటి ముద్రణ. రెండేళ్ళుగా రాత్రిళ్ళు దాన్ని ముందేసుకుని ఒక దారి గీస్తున్నాను. హైదరాబాద్ నుంచి సింగపూర్, అక్కడి నుంచి ఫిజీలోని నాండి, తర్వాత సమోవా రాజధాని అపియా. అపియాలో ఓడెక్కి టోకెలావ్.

టోకెలావ్ అంటే సమోవాకు ఉత్తరాన సుమారు 500 కిలోమీటర్ల దూరంలో మూడు పగడపు దీవులు. అటాఫు, నుకునోను, ఫకావోఫో. న్యూజిలాండ్ పాలన కింద ఉన్నాయి. మూడింటిలో కలిపి దాదాపు 1,500 మంది. అంటే మన దగ్గర ఒక చిన్న పంచాయతీ. విమానం దిగే చోటు లేదు. ఓడ రోజుకు పైగా ప్రయాణించి పగడపు గట్టు బయట ఆగుతుంది. అక్కడి నుంచి చిన్న పడవలో ఒడ్డుకు చేరాలి.

ఇక పుస్తకం తెరిచి నేను మొదట చూసేది బొమ్మలు కాదు, ముద్రణ సంవత్సరం. ఎందుకో చూడండి.

నా పుస్తకం ప్రకారం సమోవాలో బండి రోడ్డుకు కుడివైపు నడపాలి. 2009 సెప్టెంబర్ 7న దేశమంతా ఎడమవైపుకు మారింది. ఆస్ట్రేలియా, న్యూజిలాండ్‌లలో ఉన్న తమవాళ్ళ నుంచి చౌకగా పాత కార్లు తెచ్చుకోవడానికి ఆ మార్పు. పుస్తకం ప్రకారం శుక్రవారం నాండిలో విమానమెక్కితే అపియాలో గురువారం దిగుతాం. ఇప్పుడు అలా కాదు. 2011 చివర్లో సమోవా, టోకెలావ్ రెండూ దినరేఖకు ఇవతలి వైపు వచ్చేశాయి. డిసెంబర్ 30 అనే రోజునే క్యాలెండర్‌లోంచి తీసేశారు. పాత పుస్తకం నమ్మి ఓడ రోజు లెక్కేస్తే ఒక రోజు తేడా. ఓడ తప్పితే మళ్ళీ ఓడ వచ్చేదాకా అపియాలో తిండి ఖర్చు, గది ఖర్చు మన నెత్తినే.

ఇంకో పేజీ ఉంది. ఉపోలు దీవి దక్షిణ తీరంలో, లాలోమాను దగ్గర, చవగ్గా పడుకోవడానికి సముద్రం ఒడ్డున ఫాలేలు ఉన్నాయని రాశారు. ఫాలే అంటే గోడలు లేని స్తంభాల గుడిసె. 2009 సెప్టెంబర్ 29న సునామీ ఆ తీరాన్ని ఊడ్చేసింది. సమోవాలో 140 మందికి పైగా చనిపోయారు. కొన్ని ఫాలేలు తర్వాత మళ్ళీ కట్టుకున్నారు. నా పుస్తకంలో మాత్రం ఆ సెప్టెంబర్ ఇంకా రాలేదు. అందుకే ఆ పేజీని ధరల పట్టికగా చదవలేను.

రెండో సంగతి, "మీరు". "మీకు వీసా అక్కర్లేదు", "ఆక్లాండ్‌లో విమానం మారండి" అని ఉంటుంది. ఆ మీరు మనం కాదు. అమెరికా, యూరప్ పాస్‌పోర్టు ఉన్నవాళ్ళు. మన పాస్‌పోర్టుతో ఆక్లాండ్‌లో విమానం మారాలన్నా ముందే ట్రాన్సిట్ వీసా ఉండాలి. ఫ్రాన్స్ పాలనలో ఉన్న తహితి వైపు వెళ్ళాలంటే మామూలుగా మనకు వీసా కావాలి. అదే ఫిజీకి మనం వీసా లేకుండా వెళ్ళొచ్చు. సమోవా తిరుగు టికెట్ చూసి దిగాకే పర్మిట్ ఇస్తుంది. నా దారి నాండి మీదుగా ఉంది అందుకే. అందం చూసి గీసిన దారి కాదది, పాస్‌పోర్టు గీసిన దారి.

ఈ "మీరు"కి ఇంకో ముఖం కూడా ఉంది.

ఒకరోజు మ్యాప్ పరిచి లెక్కలేసుకుంటుంటే అమ్మ అడిగింది. "అక్కడ పనేంటయ్యా? కూలెంత ఇస్తారు?"

పనికి కాదమ్మా, చూడ్డానికి అన్నాను.

"చూడ్డానికా? మరి నిన్ను ఎవురు రమ్మన్నారు?"

మా ఇంట్లో ఊరు దాటడమంటే పనికి పోవడమే. నాన్న మిరపకాయ కోతలకు, బాబాయి బెంగళూరు బేల్దారి పనికి, అక్క కువైట్‌కు. ఎవరో ఒకరు రమ్మంటేనే పోయారు, మేస్త్రీనో ఏజెంటో. ఊరికే చూడ్డానికి పోయినవాళ్ళు మా వంశంలో లేరు. నేను విమానం దిగబోయే ఫిజీ కూడా అలాంటి చోటే. 1879 నుంచి 1916 దాకా 60 వేల మందిని చెరుకు తోటల్లో పనికి తీసుకెళ్ళారు. 1903 నుంచి మద్రాసు రేవు మీదుగా వెళ్ళినవాళ్ళలో మన తెలుగువాళ్ళూ ఉన్నారు. అగ్రిమెంట్ అన్న మాట వాళ్ళ నోట గిర్మిట్ అయింది. వాళ్ళకు గైడ్‌బుక్ లేదు, వేలిముద్ర వేసిన కాగితం ఉంది.

ఓడల గురించి టోకెలావ్‌కూ బాగా తెలుసు. 1863లో పెరూ నుంచి కూలీల కోసం వచ్చిన ఓడలు ఆ దీవుల జనాభాలో దాదాపు సగాన్ని ఎత్తుకుపోయాయి. బయటి ఓడ కనిపిస్తే ఎవరిది, ఎందుకొచ్చింది అని అడిగే హక్కు వాళ్ళకుంది.

వాళ్ళు అడుగుతున్నారు కూడా. టోకెలావ్‌కు టికెట్ కొంటే సరిపోదు. ముందుగా అపియాలోని వాళ్ళ కార్యాలయానికి రాయాలి. మనం వెళ్ళాలనుకున్న దీవి పెద్దల సభ, దాని పేరు తౌపులేగ, ఒప్పుకోవాలి. ఎక్కడ ఉంటామో ముందే తేలాలి. గైడ్‌బుక్ దీన్ని "ఇబ్బందులు" అన్న శీర్షిక కింద పెట్టింది. నేను చదివితే అమ్మ ప్రశ్నే కనిపించింది. నిన్ను ఎవురు రమ్మన్నారు?

ఆ పెద్దల సభల దగ్గర ఇంకో మాట ఉంది, ఇనాతి. ఊరు వేటాడి తెచ్చిన చేపల్ని ఒకచోట పోసి ఇళ్ళవారీగా వాటాలు వేసే పద్ధతి. వేటకు పోయే మనిషి లేని ఇంటికీ వాటా ఉంటుంది. నా పుస్తకంలో దీనికి రెండే వాక్యాలు, బీచ్‌కు రెండు పేజీలు. నేను ఇంత దూరం పోవాలనుకుంటున్నది ఆ రెండు వాక్యాల కోసం. వాటా ఎవరు వేస్తారు, ముందు ఎవరిని పిలుస్తారు, చివర ఎవరు నిలబడతారు అన్నది కళ్ళారా చూడాలి.

అయితే దీవులన్నీ సమానత్వపు స్వర్గాలని అనుకోకండి. సమోవాలో 80 శాతం దాకా భూమి ఉమ్మడి కుటుంబాల చేతుల్లో ఉంది, అమ్మడానికి లేదు. వినడానికి బాగుంటుంది. కానీ 1990లో రెఫరెండం జరిగేదాకా అక్కడ సాధారణ సీట్లకు ఓటు మతాయిలకే, అంటే కుటుంబ పెద్దలుగా బిరుదున్నవాళ్ళకే. ఇవాళ్టికీ ఎన్నికల్లో నిలబడాలంటే మతాయి బిరుదు ఉండాలి. ఇలాంటివి "సంస్కృతి" పేజీలో పూలదండల పక్కన దొరకవు. చరిత్ర పేజీలు కూడా చదవాలి.

కాబట్టి తమ్ముళ్ళూ, చెల్లెళ్ళూ, ఏ గైడ్‌బుక్ చేతికొచ్చినా మూడు అడగండి. ఏ సంవత్సరం? ఇందులో "మీరు" ఎవరు? అక్కడ ఎవరి అనుమతి అడగాలి? మొదటి రెండింటికీ జవాబు మనమే వెతుక్కోవచ్చు. మూడోదానికి జవాబు అక్కడివాళ్ళు ఇవ్వాలి. వద్దంటే ఆగాలి.

నేను అపియా కార్యాలయానికి ఉత్తరం రాశాను. నేనెవరిని, ఏం చూడాలని వస్తున్నాను, ఎన్నాళ్ళుంటాను, నా తిండికి భారం కాకుండా ఏం తెచ్చుకుంటాను. ఒక పేజీ. డబ్బు ఇంకా సగమే కూడింది. ఉత్తరం మాత్రం ఈ సోమవారం పంపుతున్నాను. ఒప్పుకున్నా, ఒప్పుకోకపోయినా వాళ్ళ జవాబు ఇక్కడే పెడతాను.

వచ్చే భాగంలో ఖర్చుల లెక్క, రూపాయలతో సహా.