నప్పే రంగు

నాగార్జునసాగర్ వెళ్ళే రహదారి మీద, హైదరాబాదు నగరానికి ఆనుకొని ఉన్న ఊరు మా తుర్కయాంజాల్. నా చిన్నతనంలో రోడ్డు దాటితే పొలాలు, పొలాలు దాటితే రాళ్ళగుట్టలు కనిపించేవి. ఇప్పుడు ఆ పొలాలు చాలావరకు ఇళ్ళస్థలాలయ్యాయి. మాసబ్ చెరువు మాత్రం ఉంది. మా ఇంట్లో మా అమ్మ నాటి ఇనుప పెట్టె కూడా ఉంది. ఈ కథ ఆ పెట్టె దగ్గరే మొదలయింది.

మా చెల్లెలి కూతురు డిగ్రీ రెండవ సంవత్సరం చదువుతున్నది. ఒకనాటి సాయంత్రం ఆ అమ్మాయి ఉత్సాహంగా వచ్చి ఒక సంగతి చెప్పింది. చేనేత చీరలు అమ్మే ఒక సంస్థవారు తమ కేటలాగు కోసం కొత్త ముఖాలను వెతుకుతున్నారట. ఎంపికకు ముందు ఒక పూట ఫొటోలు తీస్తారట. మూడు జతల దుస్తులు ఎవరివి వారే తెచ్చుకోవాలట. మా చెల్లెలికి సంతోషమూ, భయమూ ఒకేసారి కలిగాయి. “అక్కా, నువ్వు తోడు పోతానంటేనే పంపుతాను” అన్నది. నేను సరేనన్నాను. వెళ్ళేముందు రెండు విషయాలు మాత్రం గట్టిగా చెప్పాను. ఎక్కడ, ఎవరు, ఏ దుస్తులలో ఫొటోలు తీస్తారో ముందే అడిగి తెలుసుకోవాలి. అక్కడికి వెళ్ళిన తరువాత మనసొప్పని దుస్తులు వేసుకొమ్మంటే, అవకాశం పోయినా సరే, వద్దని చెప్పి తిరిగి రావాలి. అమ్మాయి రెండింటికీ ఒప్పుకున్నది.

ఇక దుస్తుల ఎంపిక మొదలయింది. అది చూసేవారికి చిన్న పనే. చేసేవారికి మాత్రం చిన్నది కాదు. మంచం నిండా బట్టలు పరిచాము. కాలేజీకి వేసుకొనిపోయే సన్నచారల చుడీదార్ ఒకటి తీసుకున్నది. రెండవదాని కోసం నా ఇనుప పెట్టె తెరిచింది. అడుగు నుంచి ఒక పోచంపల్లి చీరను బయటకు లాగింది. నేరేడుపండు రంగు, ఆవపువ్వు రంగు అంచు. చీరను భుజం మీద వేసుకొని అద్దం ముందు నిలబడి, “పెద్దమ్మా, ఇది కట్టుకుంటాను” అన్నది.

నా నోటి వెంట ఆలోచన లేకుండానే మాట వచ్చింది: “ఆ రంగు నీకు నప్పదు బిడ్డా. లేతరంగు ఏదైనా కట్టుకో. కొంచెం తెల్లగా కనబడతావు.”

అమ్మాయి బదులు చెప్పలేదు. చీరను భుజం మీద నుంచి తీసి, మడతలు సరిచేసి, మళ్ళీ పెట్టెలో పెట్టింది. ఆ మడత పెట్టడం చూసినప్పుడు నా గుండె కలుక్కుమన్నది. ఎందుకంటే, అదే చీరను అదే విధంగా మడిచి అదే పెట్టెలో పెట్టిన మరొక అమ్మాయి నాకు తెలుసు. ఆ అమ్మాయిని నేనే.

అది 1992వ సంవత్సరం. పెళ్ళి సంబంధాల కోసం నాకు ఫొటో తీయించాలన్నారు. ఆ నేరేడు రంగు చీర మా అమ్మ నాకోసం కొన్నది. నాకు ఎంతో ఇష్టమైనది. అది కట్టుకొని స్టూడియోకు బయలుదేరుతుంటే మా మేనత్త గుమ్మంలోనే ఆపింది. “అసలే చామనఛాయ. ఆ చీర కడితే ఇంకేమన్నా ఉన్నదా?” అన్నది. పొరుగింటి నుంచి లేత గులాబీరంగు చీర ఒకటి అరువు తెచ్చారు. ముఖానికీ, మెడకూ దట్టంగా పౌడరు పూశారు. స్టూడియో ఆయన తన వంతుగా బొమ్మను దిద్ది మరింత తెలుపు చేశాడు. వారం తరువాత ఫొటో ఇంటికి వచ్చింది. అందరూ బాగుందన్నారు. నాకు మాత్రం అందులో నేను కనిపించలేదు. అరువు చీరలో, బూడిద పూసినట్టున్న ముఖంతో ఎవరో కూర్చొని ఉన్నారు.

ఆ ఫొటో చూసి ఒక సంబంధంవారు వచ్చారు. వారిలో ఒక పెద్దావిడ చేతిలోని ఫొటోను ఒకసారి, నన్ను ఒకసారి చూసి, “ఫొటోల తెల్లగున్నది గదా!” అన్నది. ఆమె కోపంగా అనలేదు. అంగడిలో సరుకు మారినప్పుడు అడిగినట్టు మామూలుగా అడిగింది. నేను తలవంచుకొని లోపలికి వెళ్ళాను. ఆ సంబంధం కుదరలేదు. మరొకచోట కుదిరింది, సుఖంగానే ఉన్నాను. కాని ఆ నేరేడు రంగు చీరను ఆ తరువాత నేను ఏ శుభకార్యానికీ కట్టుకోలేదు. ఎవరూ వద్దనలేదు. నాకు నేనే వద్దనుకున్నాను. ఇన్నేళ్ళకు, నన్ను గుచ్చిన మాటనే తీసి నేను మరొక పిల్లకు గుచ్చాను.

మరునాడు ఉదయం మూడు జతలు సంచిలో సర్దుకొని బయలుదేరాము. నా మాట మన్నించి అమ్మాయి మీగడరంగు చీరను పైన పెట్టింది. ఆమె చూడకుండా నేరేడు రంగు చీరను, దానికి తగిన రవికను నేనే సంచి అడుగున ఉంచాను.

ఫొటోలు తీసేది ఒక యువతి. చెరువు వైపున్న ఒక తోటలో, చెట్టునీడన ఏర్పాట్లు చేసుకున్నది. మొదట చారల చుడీదార్‌లో రెండు ఫొటోలు తీసి, తెరమీద చూపించింది. చారల మీద నీటి అలల వంటి వింత గీతలు కనిపించాయి. కెమెరాలో బొమ్మను గ్రహించే చుక్కలు ఒక క్రమంలో ఉంటాయనీ, బట్టమీది సన్నని చారల వరుస ఆ చుక్కల వరుసతో పెనగులాడినప్పుడు ఇటువంటి అలలు పుడతాయనీ ఆమె చెప్పింది. అందుకే ఫొటోకు మరీ సన్నని చారలూ, గళ్ళూ పనికిరావట.

తరువాత మీగడరంగు చీర. కెమెరాను దాని ఇష్టానికి వదలి ఒక ఫొటో తీసింది. నేను ఆశ్చర్యపోయాను. చీర చక్కగా వచ్చింది గాని, అమ్మాయి ముఖం ఉన్నదానికంటె నల్లగా, నీడలో ముంచినట్టు వచ్చింది. “లేతరంగు కడితే తెల్లగా రావాలి గదమ్మా?” అని అడిగాను.

ఆమె నవ్వి, ఓపికగా వివరించింది. కెమెరాలో వెలుతురును కొలిచే సాధనం ఒకటి ఉంటుంది. ఎదుట ఉన్నది ఏమిటో దానికి తెలియదు. కనిపించిన దృశ్యమంతా కలిపి సగటున ఒక మధ్యరకం బూడిదరంగు అయ్యేటట్లు వెలుతురును సర్దుతుంది. చట్రం నిండా తెల్లని బట్ట ఉంటే, వెలుతురు ఎక్కువైందని భ్రమపడి మొత్తం బొమ్మను తగ్గిస్తుంది. ఆ తగ్గింపులో ముఖం కూడా నల్లబడుతుంది. ముదురు రంగు బట్ట ఉంటే ఇందుకు విరుద్ధంగా జరుగుతుంది. ఇప్పటి ఫోన్లూ, కొత్త కెమెరాలూ ముఖాన్ని గుర్తించి కొంత సరిచేస్తాయి. అయినా మంచి ఫొటోగ్రాఫర్ బట్టను చూసి కాదు, ముఖాన్ని చూసి వెలుతురు కొలుస్తాడు. “అమ్మా, ముఖం బాగా రాకపోతే ఆ తప్పు నాది. మీ అమ్మాయి రంగుది కాదు” అన్నదామె.

ఆ మాట నన్ను చాలాకాలం వెంటాడింది. ఇంటికి వచ్చిన తరువాత ఫొటోగ్రఫీ చరిత్రను గురించి దొరికినవి చదివాను. మన హైదరాబాదులోనే ఈ కళకు గొప్ప చరిత్ర ఉన్నది. ఆరవ నిజాం మహబూబ్ అలీఖాన్ ఆస్థాన ఛాయాచిత్రకారుడు రాజా దీన్ దయాళ్. ఆయన 1892లో హైదరాబాదులో స్త్రీల కోసం ప్రత్యేకంగా ఒక స్టూడియో తెరిచాడు. ఘోషా పాటించే స్త్రీలకు అక్కడ స్త్రీయే ఫొటోలు తీసేది. ఆనాడు ఎత్తైన గోడల మధ్య కెమెరా ముందు కూర్చున్న ఆ స్త్రీలు కూడా, ఏ దుస్తులు ధరించాలా అని మాలాగే ఆలోచించి ఉంటారు. తొలినాళ్ళలో ఫొటో తీసే గాజు పలకలు నీలికాంతికి ఎక్కువగా, ఎరుపుకు బహు తక్కువగా స్పందించేవి. అందువల్ల నీలిరంగు బట్ట తెల్లగా, ఎర్రని బట్ట నల్లగా వచ్చేవి. గోధుమవన్నె చర్మం కూడా ఉన్నదానికంటె ముదురుగా పడేది.

రంగుల ఫిల్ము వచ్చిన తరువాత కూడా కథ పెద్దగా మారలేదు. ఇరవయ్యవ శతాబ్ది మధ్యకాలంలో కొడాక్ సంస్థ, రంగులు సరిగా వస్తున్నవో లేవో సరిచూసుకోవడానికి ఫొటో ముద్రణశాలలకు ఒక నమూనా ఫొటోను పంపేది. దానికి ‘షిర్లీ కార్డు’ అని పేరు. అందులో ఉన్నది ఒక తెల్లజాతి యువతి. ఆమె మేనిఛాయ సరిగా వస్తే రంగులన్నీ సరిగా ఉన్నట్టే లెక్క. నల్లని పిల్లల ముఖాలు సరిగా రాకపోయినా చాలాకాలం ఎవరూ పట్టించుకోలేదు. చివరకు చాక్‌లెట్లు చేసేవారూ, కర్రసామాను తయారుచేసేవారూ తమ సరుకుల గోధుమవన్నెలు ఫొటోలలో సరిగా రావడం లేదని మొరపెట్టుకున్నారు. ముదురు వన్నెలను పట్టగలిగే ఫిల్ము తయారు కావడానికి ఆ ఫిర్యాదులు తోడ్పడ్డాయి. చదువుతుంటే నవ్వూ వచ్చింది, బాధా కలిగింది. మనుషుల ముఖాల కోసం జరగని పని బల్లల కోసం జరిగింది!

మన దేశంలో ‘ఫెయిర్ అండ్ లవ్లీ’ అనే క్రీము 1975లో అంగడికి వచ్చింది. ఆ పేరులోని తెలుపు 2020లో గాని పోలేదు. మేనిఛాయ నలుపైనంత మాత్రాన మనిషిని తక్కువగా చూపరాదని ప్రకటనల ప్రమాణాల మండలి 2014లో నియమం చేసింది. ప్రకటనలకు నియమం వచ్చింది. గుమ్మంలో నిలబడి మాట్లాడే మేనత్తలకూ పెద్దమ్మలకూ నియమం ఎవరు చేయాలి? మేమే చేసుకోవాలి.

తోటలో ఆనాడు జరిగినది పూర్తిగా చెప్పలేదు. ఫొటోగ్రాఫర్ మాట విన్న తరువాత నేను సంచి అడుగు నుంచి నేరేడు రంగు చీర తీసి అమ్మాయి చేతిలో పెట్టాను. ఆమె నా ముఖంలోకి చూసింది. “రాత్రి తప్పు మాట అన్నాను బిడ్డా. ఇది కట్టుకో” అన్నాను. ఏమీ అనకుండా లోపలికి వెళ్ళి కట్టుకొని వచ్చింది.

ఇన్నేళ్ళు మడతల్లో ఉన్న చీర వెలుతురులోకి వచ్చింది. పోచంపల్లి చీరలో బొమ్మను నేసిన బట్టమీద అద్దరు. నేతకు ముందే నూలును కట్లు కట్టి, రంగులో ముంచి, ఆ నూలుతో నేస్తారు. అందుకే బొమ్మ అంచులు గీత గీసినట్టు ఉండవు. ఒక రంగు మరొక రంగులోకి మెల్లగా జరుగుతుంది. అది లోపం కాదు, ఆ నేత గుర్తు. కట్లు కట్టడానికి ముందు నూలును ఆసు పోయాలి. ఇంటి ఆడవాళ్ళు ఒక్కొక్క చీరకు గంటల తరబడి, వేలసార్లు చేతిని అటూ ఇటూ కదిలించి ఆ పని చేసేవారు. తల్లి పడుతున్న ఆ భుజాల నొప్పి చూడలేక చింతకింది మల్లేశం 1999లో ఆసుయంత్రం తయారు చేశాడు. 2017లో ఆయనకు పద్మశ్రీ లభించింది. నా చీర ఆ యంత్రానికి ముందటిది. ఎవరో ఒక తల్లి చేతి కష్టం అందులో ఉన్నది. అటువంటి చీరను, ఒక మాటకు భయపడి, నేను పెట్టెలో దాచాను.

ఫొటోగ్రాఫర్ అమ్మాయిని పది అడుగులు నడవమన్నది, అరుగు మీద కూర్చోమన్నది, చేతులు పైకెత్తమన్నది. “ఏ బట్టలో ఈ మూడూ ఇబ్బంది లేకుండా చేయగలరో, అదే ఫొటోకు మంచి బట్ట” అన్నది. అమ్మాయి నడిచింది, కూర్చున్నది, చెట్టుకొమ్మను అందుకొని నవ్వింది. ముఖానికి పౌడరు లేదు. తెరమీద చూసినప్పుడు మా పిల్ల చామనఛాయగానే ఉన్నది. ముదురు చీర పక్కన ఆ ఛాయ నిగనిగలాడుతున్నది. ఆవపువ్వు అంచు వెలుగు గడ్డం కింద కొద్దిగా పడుతున్నది. ఫొటోలో ఉన్నదీ, ఎదుట ఉన్నదీ ఒకే మనిషి. 1992లో నాకు దొరకనిది అదే.

ఆ కేటలాగుకు మా అమ్మాయి ఎంపిక కాలేదు. వారికి ఇంకా పొడవైనవారు కావాలట. రెండు రోజులు చిన్నబోయి, మూడవనాడు కాలేజీకి వెళ్ళింది. ఫొటోలు మాత్రం మాకు పంపారు. నేరేడు రంగు చీరలోని ఫొటోను మా చెల్లెలు పటం కట్టించింది.

మొన్న ఉగాదికి అమ్మాయి ఆ చీరను ఇస్త్రీ చేయించి తెచ్చి నా మంచం మీద పెట్టింది. “పెద్దమ్మా, ఈ పూటకు నువ్వు కట్టుకో” అన్నది. ఈ వయసులో నాకెందుకని అన్నాను గాని, కట్టుకున్నాను. గుమ్మంలో నిలబెట్టి ఫోనుతో ఫొటో తీసింది. ఏ గుమ్మంలో మా మేనత్త నన్ను ఆపిందో, అదే గుమ్మం.

ఫొటో చూశాను. జుట్టు నెరిసింది, కళ్ళకింద ముడతలు పడ్డాయి. అయినా చూడగానే గుర్తుపట్టాను. అది నేనే.